ఆర్వో ఎందుకు నిద్రపోడు

సూట్‌కేసు మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి మెర్వి కాళ్ల ముందు బోర్లాపడింది. పైమెట్టు మీద జొయెల్ రెండో సూట్‌కేసుతో నిలబడి ఉంది. నైటీ మీద చలికోటు వేసుకుంది. జుట్టు ఒక పక్కకు అణిగిపోయి ఉంది. కళ్ల కింద నల్లగా ఉబ్బిపోయి ఉంది.

“పక్కకి జరగండి మెర్వి గారూ. ఇది ఇంకా బరువు,” అంది.

మెర్వి జరగలేదు. ఉదయం ఏడయింది. మామూలుగా అయితే ఆమె ఆరున్నరకే ఇంటికి వెళ్లిపోవాలి. కోటు గుండీలు పెట్టుకోవడం కూడా అయిపోయింది. సరిగ్గా అప్పుడే సూట్‌కేసు దొర్లింది.

మధ్యమెట్టు మీద జొయెల్ భర్త ఎరిక్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఈ రోజు రైల్వే యార్డులో పనికి సెలవు పెట్టాడు. పెట్టి ఏం చేస్తున్నాడంటే, మెట్టు మీద కూర్చున్నాడు. వంటింట్లో అతని తల్లి ఇర్యా కాఫీ వంపుతోంది. ఆమె పక్కనే ఎత్తుకుర్చీలో ఏడు నెలల ఆర్వో చెక్కగరిటెతో బల్లను బాదుతున్నాడు. రాత్రి ఒంటిగంటా నలభైకి లేచి నాలుగున్నర దాకా మేలుకున్నవాడి ముఖం కాదది. ఇంట్లో అందరూ వారం రోజుల జ్వరం నుంచి లేచినట్టుంటే వాడొక్కడు అప్పుడే స్నానం చేయించినట్టున్నాడు.

“మా అన్నయ్య రెజాన్ బయల్దేరాడు,” అంది జొయెల్. “కపుస్కేసింగ్ నుంచి ఏడు గంటల దారి. రెండింటికల్లా వస్తాడు. నేనూ వీడూ అమ్మ దగ్గరికి పోతున్నాం.”

“నేను దింపుతానన్నాను కదా,” అన్నాడు ఎరిక్.

“నువ్వా? నిన్న పళ్లు తోముకుంటూ నిద్రపోయావు. సోమవారం నేను ఎర్రదీపం దగ్గర స్టీరింగ్ మీద నిద్రపోయాను. వెనక సీట్లో వీడున్నాడు. ఈ ఇంట్లో వాళ్లెవరూ బండి ముట్టుకోవడానికి వీల్లేదు.”

“ఎప్పుడొస్తావు మళ్లీ?”

“ముందు నిద్రపోనీ. లేచాక చెప్తా, వస్తానో రానో.”

ఎరిక్ మళ్లీ తల పట్టుకున్నాడు. జొయెల్ మెర్వి వైపు తిరిగింది.

“మెర్వి గారూ, ఆరో రోజు మీరు నాతో ఏమన్నారు? నీ చెయ్యి ఆగదు, వాడు కదిలితే చాలు క్రిబ్ మంచంలోకి పోతుంది, తప్పు నీదే అన్నారు. సరే అన్నాను. మూడు రాత్రులుగా ఆ గది గడప తొక్కలేదు. చెవుల్లో దూది పెట్టుకుని కింద సోఫాలో పడుకున్నాను. అయినా లేచాడు. రోజూ అదే టైముకి. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? నాదే అయితే నీదేనని మళ్లీ చెప్పండి, వింటాను. కానీ నాకు పేరు కావాలి. నేను చెడ్డ తల్లినో కాదో తెలియకుండా ఈ ఇంట్లో ఇంకో రాత్రి ఉండను.”

మెర్వి దగ్గర పేరు లేదు. అదే ఆమెకు చిరాకు.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. థండర్ బే ఊళ్లో ఆమెను ఆరు రాత్రుల మెర్వి అంటారు. ఇరవై రెండేళ్లుగా పసివాళ్లకు రాత్రి నిద్ర నేర్పుతోంది. రాత్రి తొమ్మిదికి వస్తుంది, తెల్లారి ఆరున్నరకు వెళుతుంది. మొదటి రాత్రి బిడ్డ ఏడుస్తాడు, రెండో రాత్రి తల్లి ఏడుస్తుంది, మూడో రాత్రి తండ్రి బయటికెళ్లి కారులో కూర్చుంటాడు, ఆరో రాత్రి అందరూ నిద్రపోతారు. ఇది తొమ్మిదో రాత్రి గడిచిన ఉదయం.

“రెండింటి దాకా టైముంది కదా,” అంది మెర్వి, కోటు విప్పుతూ. “పగలు చూస్తాను.”

“పగలు చూడ్డానికేముంది?” అంది ఇర్యా వంటింట్లోంచి. “పగలు వాడు బంగారం.”

పగటిపూట ఈ పనిమీద ఒక ఇంట్లో ఉండటం మెర్వికి ఇదే మొదటిసారి. అంతకుముందు కాగితం మిల్లు క్యాంటీన్‌లో పదహారేళ్లు రాత్రి డ్యూటీ చేసింది. మిల్లు మూసేశాక పక్కింటి పిల్లాడితో ఈ పని మొదలైంది. ఆమె పడకగది కిటికీలకు వంటింటి వెండికాగితం అంటించి ఉంటుంది. భర్త ఉన్నప్పుడు అతను ఉదయం పనికి పోతుంటే ఆమె వచ్చేది. వాకిట్లో ఒకరికొకరు తాళాలు ఇచ్చుకునేవాళ్లు. అతను పోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు తాళాలు రెండూ ఆమె దగ్గరే ఉంటున్నాయి.

పగలు ఏం జరిగిందో ఆమెకు చెప్పేది చార్టు. ఆమె చార్టే. మొదటి చలికాలంలో వంటింటి బల్ల మీద స్కేలు పెట్టి తనే గీసింది. ఆరు గడులు: నిద్ర, పాలు, తిండి, డైపర్, ఏడుపు, బయట. నిద్రకు గంటలూ నిమిషాలూ రాయాలి. పాలకు ఎంతో రాయాలి. ‘బయట’కు టిక్కు పెడితే చాలు. రెండేళ్లకోసారి ప్రెస్సులో యాభై పుస్తకాలు వేయించుకుంటుంది. చార్టు నింపని ఇంటికి రెండో రాత్రి వెళ్లదు.

ఇర్యా చార్టు ముత్యాల్లా నింపుతుంది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన చెయ్యి. తొమ్మిది రోజులదీ మెర్వి మళ్లీ కూడింది. పగటి నిద్ర గంటా ఇరవై నిమిషాలు. ఏ రోజు చూసినా అంతే. ఏడు నెలల పిల్లాడికి దాదాపు మూడు గంటలు కావాలి. నిద్ర చాలని బిడ్డ అలిసిపోయి రాత్రి లేస్తాడు. అది ఆమె నాలుగో రోజే చెప్పింది. నిద్రపుచ్చే టైము అరగంట ముందుకు జరిపింది. దాంతో వాడు లేచే టైము కూడా అరగంట ముందుకు జరిగింది.

సరే. ఇంకేదో ఉంది. మెర్వి వేట మొదలుపెట్టింది.

ముందు కిటికీ. కొవ్వొత్తి వెలిగించి క్రిబ్ చుట్టూ తిప్పింది. మంట వంగలేదు. గాలి రావడం లేదు. తర్వాత నేలమాళిగలో ఇల్లు వేడిచేసే ఫర్నేసు. చెవి ఆనించి పావుగంట కూర్చుంది. పిల్లి గురగురలాడినట్టుంది, అంతే. పక్కింటి మంచు ఊడ్చే యంత్రం గురించి ఆరా తీసింది. పక్కింటాయన నవంబరు నుంచీ ఫ్లోరిడాలో ఉన్నాడు. వేలు కడుక్కుని ఆర్వో చిగుళ్లు తడిమింది. వాడు ఆ వేలిని ఉత్సాహంగా నమిలాడు. పన్ను లేదు, వాపు లేదు.

“జొయెల్ కాఫీ తాగుతుంది,” అంది ఇర్యా.

“మీరు రోజుకి తొమ్మిది కప్పులు తాగుతారు అత్తయ్యా.”

“నేను పాలివ్వట్లేదు కదా. మా రోజుల్లో పిల్లలు నిద్రపోయేవాళ్లు.”

“మీ రోజుల్లో మీరు నిద్రపోయేవాళ్లు. పిల్లలు లేచారో లేదో మీకెలా తెలుస్తుంది?”

“అమ్మా, చాలు,” అన్నాడు ఎరిక్ ఫోన్‌లోంచి తలెత్తకుండా. “వాన చప్పుడు వినిపించి పిల్లల్ని నిద్రపుచ్చే మిషను ఒకటి ఉందట.”

“ఫిబ్రవరిలో వానేంట్రా?” అంది ఇర్యా.

మెర్వి కాఫీ కూపీ కూడా లాగింది. జొయెల్ ఉదయం ఒకే ఒక్క కప్పు తాగుతుంది, అదీ సగం. అనుమానితులు ఒక్కొక్కరే జారిపోతున్నారు. తొమ్మిది గంటలకు ఆర్వో క్రిబ్‌లో పడుకున్నాడు. తొమ్మిదీ నలభైకి లేచాడు. ఆమె పక్కనే కూర్చుని చూసింది. ఎవరూ ముట్టుకోలేదు, ఏ చప్పుడూ కాలేదు. వాడంతట వాడే కళ్లు తెరిచి, ఆమెను చూసి, రాత్రి నవ్విన నవ్వే నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. రాత్రి మూడింటప్పుడు కూడా వీడు ఏడవడు. కాళ్లు పట్టుకుని ఆడుకుంటాడు, మాట్లాడమంటాడు. నొప్పి ఉన్న బిడ్డను ఓదార్చవచ్చు. సంతోషంగా ఉన్న బిడ్డను ఏం చేయాలి?

జొయెల్ పైకి వెళ్లి పడుకుంది. పగలు ఆమె నిద్రపోయే టైము ఇదే. ఈ తొమ్మిది రోజులూ ఇంతే. రాత్రంతా మేలుకుని, పదిన్నరకు పైకెక్కి, రెండింటి దాకా రాయిలా పడిపోయేది. ఆ టైములో బిడ్డ ఇర్యా చేతుల్లో ఉంటాడు.

పదీ నలభైకి ఇర్యా వాణ్ని ముస్తాబు చేసింది. ఆ పని చూస్తుంటే మెర్వి ప్రాణానికి హాయిగా అనిపించింది. ముందు పల్చటి ఊలు, దాని మీద మందపాటి ఊలు, చేతులకు తొడుగులు, తలకు చెవులు కప్పే టోపీ, అన్నిటి మీదా గొర్రెతోలు సంచి. బుగ్గలకు కాస్త కొవ్వు రాసింది. వెనక వరండాలో పాత పిల్లల బండి, పెద్ద చక్రాలది, చిన్నప్పుడు ఎరిక్‌ని కూడా అందులోనే పెట్టారు. ఇర్యా గోడకున్న థర్మామీటరు చూసింది. సున్నాకు తొమ్మిది డిగ్రీలు కింద.

“పదిహేను దాటితే పెట్టను,” అంది. “నేనేం మూర్ఖురాల్ని కాదు.”

“మా అమ్మ ఇరవై దాకా పెట్టేది,” అంది మెర్వి. ఇద్దరి పెద్దలూ ఒకే చలిదేశం నుంచి ఈ ఊరికి వలస వచ్చినవాళ్లు.

ఇర్యా వాణ్ని బండిలో పెట్టి లోపలికొచ్చింది. ఇద్దరూ కిటికీలోంచి బండిని చూశారు. సరస్సు వైపు నుంచి పల్చటి వెలుగు మంచు మీద పడుతోంది. మెర్వి పెన్సిలు తీసి, తన చార్టులో, తన చేత్తో, ‘బయట’ గడిలో టిక్కు పెట్టింది.

తర్వాత చేపల సూపు తాగారు. పాలు, బంగాళాదుంపలు, సోంపాకు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎరిక్ సోఫాలో ఫోను గుండెల మీద పెట్టుకుని గురకపెడుతున్నాడు.

“నాకర్థం కావట్లేదు ఇర్యా,” అంది మెర్వి. “పగలు వాడికి విశ్రాంతి చాలడం లేదు. నేను చెప్పాను కదా, ఇంకాస్త నెమ్మదిగా ఉంచమని.”

“ఉంచుతున్నాగా. నువ్వు చెప్పినప్పట్నుంచీ బయట ఇంకో గంట ఎక్కువే ఉంచుతున్నా. చలిగాలి నరాలకి మంచిది.”

“మంచిదే,” అంది మెర్వి.

“మన పిల్లలు మొండివాళ్లు మెర్వీ. రక్తం అలాంటిది. మా ఎరిక్ కూడా రెండేళ్ల దాకా రాత్రి పడుకోలేదు.”

“అవును, మనవాళ్లింతే,” అంది మెర్వి. ఈ మాట ఆమె చాలా ఇళ్లలో అంది. అన్నప్పుడల్లా కాస్త గర్వంగా కూడా ఉండేది.

పన్నెండయింది. ఒంటిగంటయింది. ఆమె మరోసారి పైకి వెళ్లి క్రిబ్ పరుపు తిప్పి చూసింది. సబ్బుపొడి వాసన చూసింది. గోడ మీద బొమ్మలు లెక్కపెట్టింది. ఏమీ లేదు. కిందికొచ్చి కుర్చీలో కూలబడింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ఒక తల్లి ఆమె వల్ల ఇల్లు వదిలిపోతోంది. పోతున్నది బిడ్డ నిద్రపోనందుకు కాదు, తప్పు నీదని తను అన్నందుకు. ఆ మాట వెనక్కి తీసుకోవాలన్నా దాని చోట పెట్టడానికి ఇంకో మాట కావాలి.

రెండింటికి పది నిమిషాలుండగా వెనక తలుపు భళ్లున తెరుచుకుంది. ఆరడుగుల మనిషి, గడ్డంలో మంచు. జొయెల్ అన్న రెజాన్. పికప్పు వెనక సందులో ఆపినట్టున్నాడు. పలకరింపు కూడా లేకుండా వేలితో వరండా చూపించాడు.

“మీ పిల్లల బండి బయట మర్చిపోయారు. దాంట్లో పిల్లాడు కూడా ఉన్నాడు.”

“మర్చిపోవడమేంటి?” అంది ఇర్యా. “వాడు బయట ఉన్నాడు.”

“అదే చెప్తున్నానండీ. బయట ఉన్నాడు.”

“అవును. బయట.”

రెజాన్ సోఫాలోంచి లేస్తున్న ఎరిక్ వైపు చూశాడు. “బావా, ఏడు గంటలు ఏకధాటిగా బండి నడిపాను. నా బుర్ర పనిచేయట్లేదు. నువ్వు చెప్పు. బయట ఉండి వాడేం చేస్తున్నాడు?”

“ఏం చేస్తాడు? గాలి పీల్చుకుంటున్నాడు.”

“కళ్లు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. సన్నగా గురక కూడా పెడుతున్నాడు. మా ఊళ్లో దాన్ని నిద్ర అంటారు. మీరేమంటారో నాకు తెలీదు.”

ఇర్యా చేతిలో గరిట సూపు గిన్నె మీదే ఆగిపోయింది. మెర్వి చార్టు వైపు చూసింది. టిక్కు దాని గడిలో చక్కగా కూర్చుని ఉంది.

“ఎప్పుడు పెట్టారు వాణ్ని?” అన్నాడు రెజాన్.

“పదీ యాభై అయిదుకి,” అంది మెర్వి.

“అంటే మూడు గంటలు. రోజూనా?”

“మొదట్లో రెండే,” అంది ఇర్యా. “తర్వాత మూడు. పడుకున్నవాణ్ని లేపుతామా?”

మెర్వి మనసులో కూడింది. గంటా ఇరవైకి మూడు గంటలు. నాలుగూ ఇరవై. పగలే అంత నిద్రపోయినవాడి దగ్గర రాత్రికి ఏం మిగులుతుంది? ఆమె నిద్ర చాలడం లేదంది. ఇర్యా ఇంకో గంట బయట ఉంచింది. వాడు ఇంకో గంట రాత్రి ఆడుకున్నాడు. ఇన్నాళ్లూ ఆమె రాత్రి గీసిన గీతను ఆమే పగలు తుడిపిస్తూ వచ్చింది.

జొయెల్ మెట్ల మీద ఉంది. ఎప్పుడు దిగిందో, అంతా విన్నట్టుంది.

“మూడు గంటలు నిద్రపోతున్నాడా?” అంది మెల్లగా. “అత్తయ్యా, బయటికి తీసుకెళ్తున్నానంటే షికారు తిప్పుతున్నారనుకున్నాను.”

“షికారు తిప్పడానికి నాకు మోకాళ్లెక్కడున్నాయమ్మా?”

“నన్ను నిలబెట్టి తిట్టించారు కదా. కాఫీ అన్నారు, పాలన్నారు. ఈ తొమ్మిది రోజులూ వాడు మీ దగ్గరే పడుకుంటున్నాడు.”

“పడుకోవడం కాదే, బయట ఉండటం,” అంది ఇర్యా. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే అదెలా ఉందో ఆమెకే వినిపించింది. గరిట కింద పెట్టింది. “నువ్వు పైన పడుకుంటావు, ఇంట్లో చప్పుడు ఉండకూడదనే కదా నేను వాణ్ని…”

“అమ్మా, నీకు తెలీదా?” అన్నాడు ఎరిక్.

“నీకు తెలీదా? నువ్వూ ఆ బండిలోనే పెరిగావు.”

మాటలు పెరిగాయి. అందరి వేళ్లూ ఒకవైపే తిరిగాయి. డెబ్బై నాలుగేళ్ల లెక్కల టీచరు వంటింటి మధ్యలో నిలబడి, ఏప్రన్ ముడి విప్పుకోవడం మొదలుపెట్టింది. ముడి రావడం లేదు.

“రెజాన్, నువ్వెలాగూ వెళ్తున్నావు కదా,” అంది తల ఎత్తకుండా. “దార్లో నన్ను మా ఫ్లాటు దగ్గర దింపు. జొయెల్ వెళ్లాల్సిన పనిలేదు. వెళ్లాల్సింది నేను.”

ఆ గొడవలో మెర్వి లేచింది. కోటు వేసుకుంది. ముందు గదిలో బూట్లు తొడుక్కుని తలుపు తీసి బయటికి నడిచింది. ఎవరూ చూడలేదు.

కారు స్టార్టు చేసి చేతులు రుద్దుకుంటూ కూర్చుంది. వెనక సీట్లో ప్రెస్సు నుంచి పోయిన వారమే వచ్చిన అట్టపెట్టె. ఇరవై రెండేళ్లలో మూడొందల పైచిలుకు ఇళ్లు. ఓడిపోయినవి అయిదు. ఇటాలియన్ల ఇంట్లో ఓడిపోలేదు, యుక్రేనియన్ల ఇంట్లో ఓడిపోలేదు. అక్కడ పిల్లలు ఇంట్లోనే పడుకుంటారు. ఓడిపోయిన అయిదిళ్లూ ఒక్కొక్కటిగా కళ్ల ముందుకొచ్చాయి. అయిదిళ్లలోనూ నేలమాళిగలో ఆవిరిగది. అయిదిళ్లలోనూ వెనక వరండాలో పెద్ద చక్రాల బండి. మనవాళ్ల పిల్లలు మొండివాళ్లు, అనుకుంది ప్రతిసారీ. తల్లుల్ని మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. నీ మనసు మెత్తన అంది ఒకామెను. నీ చెయ్యి ఆగదు అంది ఇంకొకామెను. లాంపీ వాళ్ల చిన్నకోడలు ఆ మాట నమ్మి, పాలు మాన్పించేసింది. ఇప్పటికీ దుకాణంలో మెర్విని చూస్తే వేరే వరసలోకి తిరుగుతుంది.

వేరే ఊరి నుంచి వచ్చిన ఎవరైనా మొదటి రోజే అడిగే ప్రశ్న అది. బయట ఉండి వాడేం చేస్తున్నాడు? ఆమె అడగలేదు. ఆమె దృష్టిలో నిద్ర అంటే మంచం, బయట అంటే బయట. పుట్టినప్పట్నుంచీ అంతే.

గేరు వేస్తే చాలు. లోపల పేరు దొరికేసింది. జొయెల్ ఊరికి వెళ్లదు, బిడ్డ ఇక పడుకుంటాడు. ముసలావిడ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. ఒక కాగితం మీద గీతల్ని ఎవరు పట్టించుకుంటారు? ఊరు మళ్లీ ఆరు రాత్రుల మెర్వి అనే అంటుంది.

కారు ఆపేసింది.

ముందు తలుపు తీసుకుని నేరుగా వంటింట్లోకి నడిచింది. వెనక ఆమె అడుగుల మంచు మడుగులు కట్టింది. ఇర్యా భుజాన చిన్న సంచి తగిలించుకుని ఉంది. ఎరిక్ తలుపు దగ్గర ఎటూ పాలుపోక నిలబడి ఉన్నాడు. రెజాన్ చేతుల్లో ఆర్వో, అప్పుడే లేచి, ఎర్రటి బుగ్గలతో అందర్నీ చూస్తున్నాడు.

“బూట్లు,” అంది ఇర్యా అలవాటుగా.

మెర్వి విప్పలేదు. బల్ల మీదున్న చార్టు పుస్తకాన్ని జొయెల్ వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

“ఇది చూడు. ఇక్కడ గంటలు రాయమన్నాను. ఇక్కడ టిక్కు చాలన్నాను. ఈవిడ ఎక్కడ రాయమంటే అక్కడ రాసింది. ఇవాళ్టి టిక్కు ఈవిడది కూడా కాదు, నాది. వాణ్ని బండిలో పెట్టడం కళ్లారా చూసి, కిటికీ దగ్గర నిలబడి పెట్టాను.”

“మెర్వీ, ఊరుకో,” అంది ఇర్యా.

“ఆ సంచి కింద పెట్టు. రేపట్నుంచి వాణ్ని గంటన్నర కాగానే లోపలికి తెచ్చెయ్యి. చాలు, పడుకుంటాడు. నేను రానక్కర్లేదు.” జొయెల్ వైపు తిరిగింది. “నీ చెయ్యి మంచిదే. బిడ్డ కదిలితే తల్లి చెయ్యి పోతుంది. ఆరో రోజు నేనన్న మాట తప్పు. నీలాంటి వాళ్లు ఇంకో అయిదుగురున్నారు, వాళ్లకీ చెప్పాలి. పొద్దున నువ్వో పేరు అడిగావు.”

పుస్తకం తెరిచినచోట తెరిచినట్టే, పెన్సిలు దాని మడతలో ఉండగా, వాళ్లిద్దరి మధ్యా బల్ల మీద ఉంది.

“రాసుకో కావాలంటే,” అంది మెర్వి. “మెర్వి కంగాస్.”